వ్యతికరణము, వివర్తనము: ఒక పట్టికపై విమర్శ

భౌతికశాస్త్రము చదువు ప్రతి తెలుగు విద్యార్థికిని ఏదో యొక పరీక్షలో ఈ ప్రశ్న యెదురుకాక తప్పదు: వ్యతికరణమునకును వివర్తనమునకును గల భేదములు వ్రాయుము. దీనికి జవాబుగా ఒక పట్టిక సిద్ధముగా నున్నది. వ్యతికరణము రెండు సంబద్ధ జనకములనుండి వచ్చు తరంగముల కలయికచే కలుగును. వివర్తనము అడ్డంకుల అంచులవద్ద కాంతి వంగుటచే కలుగును. వ్యతికరణమున వెలుగు పట్టీలన్నియు సమాన ప్రకాశము కలవి. వివర్తనమున నడిమి పట్టీ మిక్కిలి ప్రకాశించును, తక్కినవి క్రమముగా క్షీణించును. వ్యతికరణ పట్టీల వెడల్పులు సమానములు. వివర్తన పట్టీలవి అసమానములు. ఈ వాక్యములను కంఠస్థము చేసినవానికి మార్కులు వచ్చును.

ఈ పట్టికను పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. పట్టికను తప్పు లేకుండ వ్రాసిన విద్యార్థినే పిలిచి, “చీలికను ఇంకను సన్నము చేసినచో తెరమీది వెలుగు పట్టీ సన్నమగునా, వెడల్పగునా?” అని అడిగిన, పలుమారు వచ్చు జవాబు “సన్నమగును” అనియే. నిజమునకు అది వెడల్పగును. తెలుగులో చదువుకొను విద్యార్థికి పాఠ్యపుస్తకమే సర్వస్వము. అందులోని వివరణ అతనిని ఆలోచింపజేయనిచో, “తెలుగులో శాస్త్రము పట్టుబడదు” అను నింద చివరకు భాషమీద పడుచున్నది. దోషము భాషదా, వివరణదా అని తేల్చుకొనవలసి యున్నది.

ముందు ఈ రెండు మాటలు దేనిని సూచించునో చూతము. నిశ్చలమైన చెరువులో రెండు రాళ్ళను ఒకేసారి వేసినచో, రెండు వలయముల వరుసలు విస్తరించి యొకదానినొకటి దాటిపోవును. దాటునపుడు శృంగముపై శృంగము పడినచోట నీరు ఎక్కువగా లేచును. శృంగముపై ద్రోణి పడినచోట కదలిక లేక నిలుచును. ఇది వ్యతికరణము. అదే చెరువులో నీటిపైకి పొడుచుకొనివచ్చిన రాతిగుండు చాటునకు కూడ అలలు కొంతమేర చొరబడును. ఇది వివర్తనము. గాలి లేని ఉదయమున శామీర్‌పేట చెరువుగట్టుపై కొంతసేపు నిలిచినవారు ఈ రెండింటిని చూడవచ్చును. ఇవి చూపునకు వేరుగా తోచుట నిజమే. కారణము కూడ వేరా అనునదే ప్రశ్న.

1803 నవంబరులో థామస్ యంగ్ లండనులోని రాయల్ సొసైటీ యెదుట వివరించిన ప్రయోగమును గమనింతము. ఆయన కిటికీ తలుపునకు రంధ్రము చేసి, దానిపై సూదితో పొడిచిన దళసరి కాగితమును అతికించెను. అందుండి వచ్చు సూర్యకిరణమునకు అడ్డముగా, అంగుళములో సుమారు 30వ వంతు వెడల్పుగల అట్టముక్కను నిలిపెను. అట్ట నీడలోపల పట్టీలు కనబడినవి. అట్టకు ఒక ప్రక్కనుండి పోవు వెలుగును మాత్రమే మరియొక తెరతో ఆపగా, రెండవ ప్రక్క వెలుగు యథాప్రకారముగానే యున్నను, నీడలోని పట్టీలు మాయమైనవి. పట్టీలు పుట్టుటకు రెండు ప్రక్కల వెలుగును కావలెనని దీనివలన తేలెను.

ఈ ప్రయోగమును మన పట్టికలో ఏ వైపున వ్రాయవలెను? అట్ట ఒక అడ్డంకి. దాని అంచులను దాటి కాంతి నీడలోనికి వచ్చినది. కావున ఇది వివర్తనము. రెండు అంచుల నుండి వచ్చిన తరంగములు కలియనిదే పట్టీలు లేవు. కావున ఇది వ్యతికరణము. వ్యతికరణ సిద్ధాంతమునకు పునాది వేసిన ప్రయోగమే పట్టికలో ఇముడుటలేదు!

తరువాతి అడుగు ఫ్రెనెల్ వేసెను. తరంగాగ్రముమీది ప్రతి బిందువును ఒక కొత్త అలకు జనకమని హైగెన్స్ 17వ శతాబ్దముననే చెప్పియుండెను. ఆ అలలన్నియు ఒకదానితో నొకటి యంగ్ చెప్పినట్లు వ్యతికరణము చెందునని ఫ్రెనెల్ లెక్కకట్టెను. ఆ మొత్తమే వివర్తనము. పారిస్ అకాడమీ 1818లో వివర్తనముపై జరిపిన పోటీకి ఆయన ఈ సిద్ధాంతమును పంపగా, న్యాయనిర్ణేతలలో నొకడైన ప్వాసాఁ ఒక ఆక్షేపణ తెచ్చెను: ఇది నిజమైనచో గుండ్రని బిళ్ళ నీడకు సరిగా నడుమ వెలుగుచుక్క కనబడవలెను, ఇది అసంబద్ధము కదా అని. అరగో ప్రయోగము చేసి చూడగా ఆ చుక్క నిజముగానే యుండెను. 1819లో బహుమానము ఫ్రెనెల్‌కు దక్కెను. కాంతి “అంచువద్ద వంగును” అని మాత్రమే చెప్పినచో, ఆ వంగిన వెలుగు నీడ నడుమనే ఎందుకు పోగుపడవలెనో చెప్పజాలము. బిళ్ళ అంచు మీది ప్రతి బిందువునుండియు నడుమకు దూరము సమానము గనుక, అన్ని అలలును అచట ఒకే దశలో చేరునని చెప్పిననే అది తెలియును. అనగా వివర్తనమును తెలుపవలెనన్న వ్యతికరణమునే చెప్పవలసి వచ్చుచున్నది.

ఇక పట్టికలోని రెండవ అంశము, వ్యతికరణ పట్టీల సమాన ప్రకాశము. రెండు చీలికలు చెరి 0.1 మిల్లీమీటరు వెడల్పు గలిగి, వాని నడిమి రేఖలు 0.5 మిల్లీమీటరు ఎడముగా నున్నవనుకొందము. 0.6 మైక్రోమీటరు తరంగదైర్ఘ్యముగల కాంతితో, 1 మీటరు దూరపు తెరమీద, పట్టీలు 1.2 మిల్లీమీటర్ల కొకటి చొప్పున పడును. నడిమి పట్టీ ప్రకాశమును 100 అనుకొన్నచో మొదటి దాని ప్రకాశము సుమారు 87, రెండవదానిది 57, మూడవదానిది 25, నాలుగవదానిది 5. అయిదవ పట్టీ లేనేలేదు! ప్రతి చీలికలోని భిన్నభాగముల నుండి వచ్చు అలలు తమలోతాము కలిసి, ఆ దిశలో వెలుగు లేకుండ చేసినవి. చీలికలు అత్యంత సన్నమని అనుకొన్నపుడే పట్టీలు సమాన ప్రకాశముతో నుండును. ఈ షరతు చెప్పక సమానమని వ్రాయించుట విద్యార్థిని ప్రయోగశాలలో తికమక పెట్టుటయే.

మూడవ అంశము కూడ నిలువదు. ఒకే చీలికవలన దూరపు తెరమీద కలుగు పట్టీలలో నడిమిది మాత్రమే రెట్టింపు వెడల్పు; దానికి అటునిటు నున్నవి చిన్న కోణములలో దాదాపు సమానములే. వెడల్పులు క్రమముగా తగ్గుట, కత్తి అంచువంటి ఒంటి అంచుకు సమీపమున, నీడకు వెలుపల వెలుగు వైపున కలుగు పట్టీలలో కనబడును.

పదముల సంగతి. ఇచట మన భాషకు న్యాయము చేయవలసి యున్నది. యంగ్ వాడిన ఇంగ్లీషు మాటకు లోకవ్యవహారమున జోక్యము, అడ్డు తగులుట అని అర్థము. కాని రెండు కాంతిపుంజములు ఒకదానికొకటి అడ్డు తగులవు; కలిసినచోట కలిసి, దాటిన పిదప ఏమియు జరుగనట్లు పోవును. “వ్యతికరము” అనగా కలయిక. కావున “వ్యతికరణము” మూలపదము కంటెను యుక్తమైనది. వివర్తనమునకు గ్రిమాల్డీ పెట్టిన లాటిన్ పేరు, ఆయన మరణానంతరము 1665లో వెలువడిన గ్రంథము నుండి వచ్చినది. ముక్కలుగా విడిపోవుట దాని భావము. మన “వివర్త” శబ్దమునకు తిరుగుట, రూపు మారి తోచుట అను అర్థములు కలవు. ఒకే వస్తువు వేర్వేరు రూపులతో కనబడుటను చెప్పుటకు భవభూతి ఉత్తరరామచరితమున వాడిన పదము ఇదియే. పదములో నున్న ఈ సూక్ష్మము పట్టికలో లేకపోవుట విచారకరము.

మెచ్చదగని పదము మరియొకటి యున్నది: “వినాశక వ్యతికరణము”. ఇచట ఏదియు నశింపదు. ఒక్కొక్క చీలిక వెలుగు విడిగా 1 అయినచో, రెండును కలిసి వెలుగు పట్టీ నడుమ 4, చీకటి పట్టీ నడుమ 0 అగును, సగటు 2. శక్తి చోటు మారినదే కాని పోలేదు. ఈ పదమును వాడుచున్నంతకాలము పక్కనే ఈ లెక్కను కూడ చూపుట మేలు.

“అంచువద్ద వంగుట” అను నిర్వచనమునకు తుది పరీక్ష మన నేలమీదనే జరిగినది. నీటితొట్టిలో క్వార్ట్జ్ బిళ్ళను విద్యుత్తుతో కంపింపజేసి, సెకనుకు కోటిసార్లు కంపించు అతిధ్వని తరంగమును పంపినచో, దాని తరంగదైర్ఘ్యము సుమారు 0.15 మిల్లీమీటరు. ఆ నీటిగుండ కాంతిని అడ్డముగా పంపగా, అది అనేక కిరణములుగా విడివడును. దీనిని 1932లో అమెరికాలో డిబై, సియర్స్ అనువారును, ఫ్రాన్సులో లూకా, బికార్ అనువారును కనుగొనిరి. బెంగుళూరులో రామన్, నాగేంద్రనాథ్ గార్లు 1935 నుండి దీనికి సిద్ధాంతమును నిర్మించిరి. నీటిలో అంచు లేదు, చీలిక లేదు, అడ్డంకి లేదు, అంతయు పారదర్శకమే. ధ్వనివలన నీరు ఒత్తిడి పొందినచోట కాంతి కొంచెము నెమ్మదించును, పలుచనైనచోట కొంచెము వేగముగా పోవును. అందువలన తరంగాగ్రము ముడుతలు పడును. ఆ ముడుతలనుండి వచ్చు అలల వ్యతికరణమే ఆ విడివడిన కిరణములు.

నిజాం కళాశాలలో చదివి, రామన్ గారి వద్ద పరిశోధన చేసి, తరువాత 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సూరి భగవంతం గారును, వారి శిష్యులును, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1940వ దశకములో అతిధ్వనులపై కృషి చేసిరి. కాంతి విడివడిన కోణమును కొలిచిన ధ్వని తరంగదైర్ఘ్యము తెలియును. దానినుండి వేగము, వేగమునుండి ఆ పదార్థముయొక్క స్థితిస్థాపకత తెలియును. మన విశ్వవిద్యాలయములలో ఇట్టి పని జరిగిన ఇన్ని యేండ్లకును మన పట్టిక అంచులను పట్టుకొని వ్రేలాడుచున్నది.

రామన్ గారి మాట వచ్చినది గనుక మరియొకటి చెప్పవలెను. విశాఖపట్టణమున చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళిన ఆయన మొదటి పరిశోధన పత్రము వివర్తనముపైననే. 1906 నవంబరులో లండను “ఫిలసాఫికల్ మాగజైన్” దానిని ప్రచురించెను. దీర్ఘచతురస్రపు రంధ్రముపై కాంతి బాగుగ ఏటవాలుగా పడినపుడు పట్టీలు రెండువైపుల సమానముగా నుండవని అందలి విషయము. అప్పటికి ఆయనకు 18 ఏండ్లు. పుస్తకములోని బొమ్మనుగాక కన్నులకు కనబడినదానిని నమ్మిన విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణము వేరొకటి కానరాదు.

పట్టిక చెప్పని అసలు సంగతి కొలత. యాప్రాలులో ఇండ్ల నడుమ నిలిచిన గండశిలల చాటున నిలుచున్న మనిషి మనకు కనబడడు. కాని అతని మాట వినబడును. కంఠధ్వనిలో ప్రధానభాగపు తరంగదైర్ఘ్యము అర మీటరు మొదలు మూడు మీటర్ల వరకు ఉండును. ఇది గుండు పరిమాణముతో సరితూగును. కాంతి తరంగదైర్ఘ్యము సుమారు అర మైక్రోమీటరు; రెండు మీటర్ల గుండు దానికి 40 లక్షల రెట్లు పెద్దది. రేడియోకును ఇదే న్యాయము. 738 కిలోహెర్ట్జులపై వచ్చిన హైదరాబాదు ఆకాశవాణి తరంగదైర్ఘ్యము 406 మీటర్లు. అట్టి తరంగమునకు గండశిల ఒక అడ్డంకియే కాదు. అడ్డంకి పెద్దదా చిన్నదా అనునది తరంగదైర్ఘ్యముతో పోల్చి చెప్పవలసిన మాట. చీలిక సన్నమైనకొలది పట్టీ వెడల్పగుటయు ఇందువలననే.

పట్టికను సమర్థించువారు చెప్పదగినది లేకపోలేదు. తరగతిలో ఏదో యొక క్రమము కావలెను. రెండు మూడు జనకములున్నపుడు వ్యతికరణమనియు, లెక్కలేనన్ని జనకములు ఎడతెగక వ్యాపించినపుడు వివర్తనమనియు పిలుచుట సౌకర్యమే. ఈ మాత్రమునకు ఎవరికిని అభ్యంతరము ఉండనక్కరలేదు. కాని ఇది పేర్ల వాడుక మాత్రమేనని విద్యార్థికి చెప్పవలెను. విడివిడిగా నున్న వేల చీలికలుగల జాలకమును మనము “వివర్తన జాలకము” అనియే పిలుచుచున్నాము, వాడుక అట్లున్నది. ప్రకృతిలో రెండు నియమములు లేవు.

కనుక పాఠమును ఒకే అధ్యాయముగా, ఒక చీలికతో మొదలిడి, రెండు చీలికలకు, పిదప జాలకమునకు నడుపుట మంచిది. పరీక్షలో భేదముల పట్టికకు బదులు ఒక కొలత అడుగవచ్చును. చౌకగా దొరకు ఎఱ్ఱని లేజరు దీపమును కదలకుండ అమర్చి, దాని దారిలో ఒక తలవెంట్రుకను నిలువుగా సాగదీసి అతికించి, 3 మీటర్ల దూరపు గోడను చూడవలెను (కిరణము ఎవరి కంటను పడనీయరాదు). గోడమీద నడిమి వెలుగునకు అటునిటు చీకటి పట్టీలు వరుసగా తోచును. తరంగదైర్ఘ్యము 0.65 మైక్రోమీటరయి, పట్టీలు 2.8 సెంటిమీటర్ల కొకటిగా నున్నచో, వెంట్రుక మందము సుమారు 0.07 మిల్లీమీటరు. యంగ్ అట్టముక్కకు బదులు వెంట్రుక; అంతే భేదము. వెంట్రుక మందము కనుగొనుము, దానికంటె సగము సన్నని వెంట్రుక పెట్టినచో పట్టీల ఎడమెంత యగునో ముందుగా చెప్పి, పిదప చేసి చూపుము అని అడిగిన, కంఠస్థముతో పనిలేదు. జవాబు 5.6 సెంటిమీటర్లని విద్యార్థి తానే రాబట్టుకొనగలడు. అది తెలుగులోనే చెప్పగలడు కూడ.