అరచేతికి నప్పే ఆయుధం

కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఆరాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులకు ఐదు పేర్లు. ఊరూరి నుంచి ఈ వీరులను కొలిచే వీరాచారవంతులు తమ పెద్దల ఆయుధాలను మోసుకొస్తారు. నాగులేటి నీళ్లతో కడిగి, పసుపు కుంకుమలు పెట్టి కొలుస్తారు. ఆ ఆయుధాల్లో కొన్నింటికి మనుషులకున్నట్టే పేర్లున్నాయి. ఆ వీరుల నాయకుడు బ్రహ్మనాయుడిది నృసింహకుంతం. ఆయన సేనాపతి కన్నమదాసుది భైరవఖడ్గం.

ఒకే పక్షాన నిలిచిన ఇద్దరు. అయినా ఒకరి చేతిలో బల్లెం, ఇంకొకరి చేతిలో కత్తి. బల్లెం దూరం నుంచి పనిచేసేది, కత్తికి దగ్గరికి వెళ్లాలి. ఎవరికి ఏది అలవాటో అదే వాళ్ల పేరుతో పెనవేసుకుపోయింది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం నుంచి ఇంతకాలం నిలిచిన ఈ చిన్న సంగతిని, అదే నేలమీద ఇవాళ నడుముకు రివాల్వర్ పెట్టుకు తిరిగేవాళ్లు మరిచిపోయారనే చెప్పాలి. తుపాకి కొన్న మనిషిని పదిమందీ అడిగేది రెండే ప్రశ్నలు: ఏ కంపెనీది, ఎంతయింది. దానితో ఏడు మీటర్ల దూరంలో పెట్టిన అన్నం పళ్లేన్ని ఐదుసార్లలో ఎన్నిసార్లు కొట్టగలవని అడిగేవాడు కనబడడు. అసలు అడగాల్సింది అదొక్కటే.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్ట నేలల్లో మిర్చి, పత్తి, పొగాకు, గ్రానైటు... అన్నీ పెద్ద మొత్తాలు చేతులు మారే వ్యాపారాలే. దానికి తోడు పాత కక్షలు, ఎన్నికల వేడి. ఇవన్నీ ఉన్నచోట ప్రాణభయం ఉందంటూ ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టేవాళ్లు ఉంటారు. ఆ భయం నిజమా కాదా అన్నది పోలీసు నివేదిక చూసి అధికారులు తేల్చాల్సిన మాట. 1959 ఆయుధ చట్టం ఇందులో ఒక తేడా చూపింది. ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టపు తుపాకికి, నిజంగా పంట కాపాడుకోవడానికే అడిగే గొట్టం మూతి నుంచి మందు కూరే నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చే దారి వేరుగా పెట్టింది. జేబులో ఇమిడే పిస్తోలుకు మాత్రం ఎందుకు కావాలో గట్టి కారణం చూపాలి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

2016 ఆయుధ నియమాలు ఇంకో మంచి పని చేశాయి. లైసెన్సుకు ముందు భద్రతా శిక్షణ ఉండాలన్నాయి. తుపాకిని ఎలా పట్టుకోవాలి, ఎలా మోయాలి, ఎలా కాల్చాలి, ఇంట్లో ఎక్కడ దాచాలి అనేవన్నీ ఆ శిక్షణలో భాగం. బహిరంగ స్థలంలో పిస్తోలు ఒరలోనే ఉండాలి. నలుగురికీ చూపించుకుంటూ తిరగడానికి ఇచ్చిన కాగితం కాదది. ఆ శిక్షణను కాగితం కోసం కాకుండా చేతి కోసం తీసుకున్నవాడికే మిగతా కథ పనికొస్తుంది.

ఇక బజారు. మన దేశంలో మామూలు పౌరుడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు కొనలేడు, అది నిషిద్ధ బోరు, అంటే పౌరులకు అనుమతించని గొట్టపు కొలత. అందుకే చేతి తుపాకుల్లో ఎక్కువమంది చేరేది .32 బోరు దగ్గరికే. కాన్పూరు ఆయుధ కర్మాగారంలో తయారైన .32 రివాల్వర్ బ్రిటిష్ కాలపు వెబ్లీ వంశానికి చెందింది. మధ్యకు విరిచి, ఆరు గదుల చక్రంలో తూటాలు నింపుతారు. బరువు సుమారు 700 గ్రాములు. చేతికి నిండుగా అనిపిస్తుంది. అదే బోరులో అశని అనే పిస్తోలు ఉంది. దాని తూటాలు పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో ఉంటాయి. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల్లో ఆగిపోవడంతో పాత వెబ్లీలూ వాల్తర్లూ చేతులు మారుతూ ధర పెంచుకుంటూ పోయాయి. పరువు కోసం తుపాకి కొనేవాళ్లు వాటి వెంటే పడతారు. కానీ అరిగిన స్ప్రింగు, వదులైన చక్రం పరువును చూసి ఆగవు.

2014 జనవరిలో కాన్పూరు నుంచి నిర్భీక్ వచ్చింది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచార ఘోరం తర్వాత, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో ఇమిడేలా, టైటానియం మిశ్రలోహంతో 500 గ్రాముల బరువుకు దించిన .32 రివాల్వర్ అది. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై వేల రూపాయల పైమాట. ఆ ధరకు అది ఏ సామాన్యురాలికి అందుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, అది బరువుకు సంబంధించింది.

తుపాకి ఎంత తేలికైతే అంత గట్టిగా తంతుంది. ఒకే తూటాను 700 గ్రాముల తుపాకిలోంచి, 500 గ్రాముల తుపాకిలోంచి కాల్చితే, రెండోది వెనక్కి తన్నే శక్తి సుమారు నలభై శాతం ఎక్కువ. .32 తూటా తన్ను పెద్దదేం కాదు. అయినా మొదటిసారి కాల్చినవాడి మణికట్టు ఆ తేడాను గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి ట్రిగ్గర్ నొక్కకముందే భయంతో బిగుసుకుంటుంది. గురి తప్పడానికి మొదటి కారణం ఈ ఉలికిపాటే. కన్ను సరిగ్గా చూస్తుంది, గురి చూసే సైటు సరిగ్గా నిలుస్తుంది, తూటా మాత్రం జానెడు కిందికి పోతుంది. తేలికని మెచ్చుకుని కొన్న తుపాకి పెట్టెలోనే ఉండిపోవడానికీ ఈ ఉలికిపాటే కారణం.

గురి తప్పడానికి రెండో కారణం లెక్కకు అందేది. పిస్తోలు మీద వెనక ఒక సైటు, ముందు ఒక సైటు ఉంటాయి. ఆ రెంటి మధ్య 10 సెంటీమీటర్ల దూరం ఉంటే, ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 10 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరం 15 సెంటీమీటర్లయితే అదే పొరపాటు ఏడు సెంటీమీటర్ల లోపు ఆగుతుంది. అంటే జేబులో దాగే పొట్టి తుపాకి కాల్చేవాడి ప్రతి చిన్న తప్పునూ పెద్దది చేస్తుంది. చిన్న తుపాకి కొత్తవాళ్లకు సులువు అనుకోవడం ఎంత పొరపాటో ఇక్కడే తెలుస్తుంది. అది బాగా చేయి తిరిగినవాళ్ల తుపాకి.

క్రీడల్లో కాల్చేవాళ్లను చూస్తే ఈ విద్య ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒంటిచేత్తో నిలబడి దాన్ని కొట్టాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్లకే, మను భాకర్, హీనా సిద్ధూ లాంటి వాళ్లను దాటి ఈ పోటీలో సీనియర్ జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం ఒకటి. ఆ 25 మీటర్ల పోటీలో రెండో భాగం చూడాల్సిందే. చేయి కిందికి వాల్చి నిలబడాలి. లక్ష్యం మూడు సెకన్లు కనబడుతుంది, ఆ మూడు సెకన్లలో చేయెత్తి, సైటు కలిపి, ఒకే ఒక్కసారి కాల్చాలి. మళ్లీ ఏడు సెకన్లు ఆగాలి. ఆత్మరక్షణలో మనిషికి దొరికే వ్యవధికి క్రీడల్లో దగ్గరగా వచ్చేవాటిలో ఇదొకటి.

క్రీడాకారుల పిస్తోళ్లలో మరో విశేషం పిడి. వాళ్లు దుకాణంలో దొరికిన పిడితో సరిపెట్టుకోరు. చెక్కపిడిని తమ వేళ్ల అచ్చుకు చెక్కిస్తారు, ఖాళీ ఉన్నచోట పుట్టీ పూసి మళ్లీ అరగదీస్తారు. కళ్లు మూసుకుని పట్టుకున్నా గొట్టం చూపుడువేలు చూపిన దిక్కుకే చూడాలి. ఆత్మరక్షణ తుపాకి కొనేవాడు అంత చేయక్కర్లేదు గానీ ఆ పరీక్ష చేయాలి. ఖాళీ తుపాకిని పట్టుకుని కళ్లు మూసి, ఎదుటి గోడ మీద ఒక మచ్చ వైపు చాచి, కళ్లు తెరవాలి. సైటు మచ్చ దగ్గరే ఉంటే పిడి నప్పినట్టు. మణికట్టు తిప్పి సరిచేయాల్సి వస్తే అది ఇంకొకరి చేతికి పుట్టిన తుపాకి.

తర్వాత ట్రిగ్గర్. చూపుడువేలి మొదటి కణుపు మెత్తదనం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలు అంతవరకూ చేరకపోతే తుపాకి పెద్దదైనట్టు, కణుపు దాటి లోపలికి దూరిపోతే చిన్నదైనట్టు. రివాల్వర్‌లో సుత్తి వెనక్కి లాగకుండా ఒకే నొక్కుతో కాల్చాలంటే ట్రిగ్గర్ చాలా బరువుగా ఉంటుంది. పత్తి మిల్లులో బేళ్లెత్తిన చేతికి అది లెక్కలోనిది కాదు. కీళ్లవాతం ఉన్న పెద్దాయనకు మాత్రం అదే తుపాకి గోడకు తగిలించిన బొమ్మతో సమానం. నలభై అయిదేళ్లు దాటిన చాలామంది కళ్లకు ముందు సైటు మసకగా కనిపిస్తుంది. లావుపాటి సైటు ఉన్నది ఎంచుకోవాలి, లేదా దాని మీద తెల్లరంగు చుక్క పెట్టించుకోవాలి. ఇది కంపెనీ పేరు కంటే వందరెట్లు ముఖ్యమైన సంగతి.

దాచుకుని మోయడంలో మన నేలకు తన కష్టాలు తనకున్నాయి. రెంటచింతల ఎండ రాష్ట్రంలోనే పేరుమోసింది. వేసవిలో ఇక్కడి మగవాళ్ల ఒంటి మీద ఉండేది పలచటి ఖద్దరు చొక్కా, తెల్ల పంచె. దాని కింద ఏది పెట్టినా ఆకారం బయటికి పొడుచుకొస్తుంది. అందుకే ఎక్కువమంది బొమ్మంత తుపాకి వైపు మొగ్గుతారు, గట్టి తన్ను, సైట్ల మధ్య తక్కువ దూరం అని పైన చెప్పిన రెండు కష్టాలనూ కొని తెచ్చుకుంటారు. దీనికి మందు చిన్న తుపాకి కాదు, మంచి ఒర. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి తోలు ఒరను, బిగువైన బెల్టుతో, నడుము పక్కన ఒంటికి ఆనించి పెట్టి, మీద కాస్త వదులు చొక్కా వేస్తే 700 గ్రాముల రివాల్వర్ కూడా దాగుతుంది. చెమట ఉప్పు ఉక్కును తినేస్తుంది. పత్తి నూగు, మిర్చి యార్డు దుమ్ము యంత్రంలో చేరుతాయి. ఏరోజుకారోజు పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయని తుపాకి వేసవి దాటేసరికి నమ్మదగింది కాకుండా పోతుంది.

సాధనకు తూటాలు ఖరీదు, లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని కొనవచ్చో రాసే ఉంటుంది. కాబట్టి ఎక్కువ సాధన తూటా లేకుండానే జరగాలి. తూటాలను వేరే గదిలో తాళం వేసి, తుపాకి ఖాళీగా ఉందో లేదో కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసి, వెనక మనిషి లేని గట్టి గోడ వైపు తిరగాలి. గొట్టం కొస మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడిపోకుండా ట్రిగ్గర్ నొక్కాలి. తుపాకి తీరును బట్టి డమ్మీ తూటా వాడాలి, లేకపోతే తూటాను పేల్చే సూది దెబ్బతినవచ్చు. రోజుకు పావుగంట. నెల రోజుల్లో ఉలికిపాటు తగ్గడం చేతికే తెలుస్తుంది. ఆపైన అనుమతి ఉన్న రేంజిలో, శిక్షకుడి పక్కన, కాగితపు పళ్లెం మీద ఏడు మీటర్ల నుంచి ఐదు తూటాలు. ఐదూ పళ్లెంలోనే పడేదాకా ఆ తుపాకితో బయట తిరగకపోవడమే మేలు. పళ్లెం తప్పిన ప్రతి తూటా నిజంగా బజారులో అయితే ఎవరో ఒకరి ఇంటి తలుపు వైపే వెళుతుంది.

ఈ పరీక్షలో నిలబడలేమనుకున్నవారికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. గుంటూరు మిర్చికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌తోనే పెప్పర్ స్ప్రే తయారవుతుంది. దానికి తుపాకి లైసెన్సు అక్కర్లేదు, గురి తప్పితే ప్రాణం పోదు. కాలేజీకి, డ్యూటీకి ఒంటరిగా వెళ్లే అమ్మాయికి లక్ష రూపాయల రివాల్వర్ కంటే అదే నిజమైన తోడు.

పెళ్లి ఊరేగింపులో, గెలుపు సంబరంలో గాలిలోకి కాల్చేవాడు ఆయుధం తెలిసినవాడు కాడు. పైకి వెళ్లిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది. 2019 సవరణ దీన్ని ప్రత్యేక నేరం చేసింది: రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో జమచేయమనే నోటీసు వస్తే దాన్ని అవమానంగా తీసుకోకూడదు. ఆయుధాన్ని కాసేపు పక్కన పెట్టగలగడం కూడా దాన్ని మోసే అర్హతలో భాగమే. కారంపూడిలో ఐదు రోజులూ అయ్యాక ఆ కుంతాలూ ఖడ్గాలూ తిరిగి తమ ఊళ్లకు చేరి, మళ్లీ కార్తీకం దాకా కదలవు.

ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవారికి ఒక మనవి. ఈ వారమే దాన్ని బయటికి తీసి, ఖాళీ చేసి, మీ చేతిలో పెట్టుకుని చూడండి. వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందుతోందా, సైటు కనబడుతోందా, రూపాయి బిళ్ల నిలుస్తోందా చూడండి. చివరిసారి మీరు లక్ష్యం మీద కాల్చి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకోండి. మీ చేతికి నప్పకపోతే అనుమతి ఉన్న ఆయుధ వ్యాపారి ద్వారా చట్టప్రకారం మార్చుకోండి, లేదా వెనక్కి ఇచ్చేయండి. అంతవరకూ దాన్ని పిల్లలకు అందని చోట తాళంలో, తూటాలను ఇంకో తాళంలో ఉంచండి.