ట్రాక్టర్ నోటుకు లక్షలా?

సంక్రాంతికి ఇళ్లు దులిపే రోజుల్లో నాకు ఫోన్లు ఎక్కువ. బీరువా అడుగునో, భాగవతం పుస్తకంలోనో, అమ్మమ్మ ట్రంకు పెట్టెలోనో పాత నోట్లు బయటపడతాయి. నేను నోట్లు పోగేస్తానని చుట్టాలందరికీ తెలుసు. "అన్నయ్యా, వెనకాల ట్రాక్టర్ బొమ్మున్న అయిదు రూపాయల నోటు లక్షలు పలుకుతోందట! మా దగ్గర మూడున్నాయి."

పలకదమ్మా. పొలం దున్నే ఆ ట్రాక్టర్ బొమ్మతో రిజర్వ్ బ్యాంకు ఏళ్ల తరబడి నోట్లు అచ్చేసింది. గాంధీ బొమ్మ నోట్లు వచ్చాక కూడా అయిదు రూపాయల నోటు వెనక ట్రాక్టరే ఉంది. ఊరూరా దొరికే దానికి లక్షలెవరిస్తారు? ఇస్తామనేవాళ్లు ముందు కమిషన్ అంటారు, తర్వాత పన్ను అంటారు, ఎదురు మన దగ్గరే గుంజుతారు. తన పేరూ లోగో వాడుకుని ఇలా వసూళ్లు చేస్తున్నారని, తనకు వీటితో ఏ సంబంధమూ లేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించాల్సి వచ్చింది.

"అయితే ఏం చెయ్యమంటావ్?" అంటారు కాస్త నీరసంగా. దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు. ఈ మూడోది ఎవరికీ తట్టదు. నా చేతికొచ్చే నోట్లలో ముప్పాతిక వంతుకి నేను చెప్పేది మాత్రం అదే.

పాతదైతే చాలు, ధర వస్తుందనుకుంటారు. ముందు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా వెలుతురులో పట్టి చూడండి. నడిమధ్యన మడత గీత కనిపించిందా, ధర ఒక మెట్టు దిగింది. ఆ గీత వెంట రంగు రాలి కాగితం తెల్లబడిందా, ఇంకో రెండు మెట్లు. మూలలు అరిగితే, క్యాషియరు బాల్‌పెన్నుతో లెక్క రాసి ఉంటే చెప్పక్కర్లేదు. ఒక పక్కన రెండు చిన్న కంతలుంటే మాత్రం కంగారు పడకండి, అవి పిన్ను గుర్తులు. కట్టలకు పిన్నులు కొట్టొద్దని రిజర్వ్ బ్యాంకు 2001లో బ్యాంకులకు చెప్పేదాకా పెళపెళలాడే కొత్త కట్ట కూడా పిన్నుతోనే చేతికొచ్చేది. ఆ కాలం నోటుకు దాన్ని లోపంగా ఎవరూ ఎంచరు. అసలు ఘోరం ఇస్త్రీ పెట్టె. మడత పోవాలని నోటు మీద వేడి పెట్టె నడిపిస్తారు. వేలికి గరుగ్గా తగలాల్సిన అచ్చు అణిగిపోయి కాగితం నున్నగా మెరుస్తుంది. కొనేవాడు ముట్టుకోగానే పసిగట్టేస్తాడు. లామినేషన్ చేయించి తెచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపడం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేదు.

దాచుకోవడం ఊరికే రాదన్నది ఇంకో సంగతి. 1980లో ఓ తాతయ్య వంద నోటు దాచారనుకోండి. అదే వందని ఎనిమిది శాతం చక్రవడ్డీకి వేసుంటే తొమ్మిదేళ్లకోసారి రెట్టింపయ్యేది. 45 ఏళ్లకు అయిదు రెట్టింపులు, అంటే దగ్గర దగ్గర 3,200 రూపాయలు. నలిగిన వంద నోటుకు ఇవాళ అంత ఇచ్చేవాణ్ణి నేను చూడలేదు.

రెండు వేల నోటు దాచినవాళ్లదీ ఇదే ఆశ. 2023 మే 19న ఉపసంహరణ ప్రకటించేనాటికి 3.56 లక్షల కోట్ల రూపాయల విలువైన ఈ నోట్లు జనంలో ఉన్నాయి. అంటే 178 కోట్ల కాగితాలు. 98 శాతానికి పైగా వెనక్కొచ్చాయి నిజమే, కానీ మిగిలిన ఆ కాస్త కూడా కోట్లలోనే ఉంటుంది. అరుదెక్కడిది? నోటు ఇప్పటికీ చెల్లుతుంది. హైదరాబాద్ రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికి పోస్టులో పంపినా మీ ఖాతాలో వేస్తారు. పంపెయ్యండి. 2016లో రద్దయిన అయిదొందలు, వెయ్యి నోట్లకు ఆ దారి లేదు. పైగా అవి పదికి మించి ఉంచుకోకూడదని చట్టం. పరిశోధనకో సేకరణకో అయితే 25 దాకా.

అమ్మదగ్గవి లేకపోలేదు. పాడైన నోటుకు బదులుగా అచ్చేసే స్టార్ నోటు, వరసగా ఒకే అంకె పడ్డ నంబరు, చివర 786 ఉన్నది, వీటికి బేరగాళ్లున్నారు. మన్మోహన్ సింగ్ సంతకమున్న రూపాయి నోటును 2024 డిసెంబరులో ఆయన పోయాక అడిగేవాళ్లు పెరిగారు. రూపాయి నోటు రిజర్వ్ బ్యాంకుది కాదు, కేంద్ర ప్రభుత్వానిది. అందుకే దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. ఆ హోదాలో రూపాయి నోటు మీదా, గవర్నరుగా పెద్ద నోట్ల మీదా సంతకం చేసిన కొద్దిమందిలో ఒకరన్న ఘనత మన్మోహన్‌ది. మన దువ్వూరి సుబ్బారావు గారూ ఆ రెండు పదవులూ చేశారు గానీ, 1994లో ఆగిన రూపాయి నోటు అచ్చు మళ్లీ 2015లో గానీ మొదలవలేదు. మధ్యలో పడిపోయారాయన. ఆయనవీ అలా జంట నోట్లు ఉండి ఉంటే నేనైతే అమ్మేవాణ్ణి కాను.

నోటు శుభ్రంగా ఉండాలన్న సూత్రానికి ఎదురు నిలిచినవి నిజాం నోట్లు. ఉర్దూ పక్కన తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి వాటి మీద. లండన్‌లో అచ్చయి బొంబాయికి బయల్దేరిన ఓ దఫా నోట్లు ఈజిప్ట్ అనే ఓడలో ఉన్నాయి. 1922 మేలో ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడ గుద్ది అది మునిగిపోయింది. పదేళ్ల తర్వాత ఇటలీ గజ ఈతగాళ్లు దాంట్లోని బంగారం తీస్తుంటే ఈ నోట్లూ పైకొచ్చాయి. చలామణీలోకి రాకుండానే ఉప్పునీళ్లలో నానిన ఆ కాగితాల కోసం సేకర్తలు వేలంలో పోటీ పడతారు. అక్కడ మరకే ధర. అలాంటిది మీ ఇంట్లో ఉంటే మొదట అడిగినవాడికి ఇచ్చెయ్యకండి, పేరున్న వేలం సంస్థకు చూపించండి.

మా మేనత్త దగ్గరొక రూపాయి నోటుంది. ఆవిడ పెళ్లి చదివింపుల్లో ఎవరో చదివించిన నూట పదహార్లలో చివరి రూపాయి అది. కుంకుమ భరిణె కింద పెట్టడంతో ఒక మూల ఎర్రబడింది. బజార్లో పది రూపాయలు కూడా రావు. "నీకిస్తే అమ్మేస్తావురా" అని నన్ను ముట్టుకోనివ్వదు. దాచుకోవడానికి ఆవిడ దగ్గర ఓ కారణం ఉంది, అదేమిటో చెప్పగలదు కూడా. ట్రాక్టర్ నోట్లవాళ్లను నేను అడిగేది ఆ కారణమే. "ఎప్పటికైనా ధర వస్తుందేమో" అంటే మాత్రం ఆ నోటు పిల్లల చేతికిచ్చి ఓ చాక్లెట్ కొనిపించండి, ఇప్పటికీ చెల్లుతుంది.

కారణం దొరికితే నోటును ఎండ తగలని చోట, పీవీసీ లేని పాలిస్టర్ కవర్లో పెట్టండి. ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చింది అన్నది ఓ చీటీ మీద రాసి పక్కన ఉంచండి. నోటు మీద మాత్రం రాయకండి.