పుత్తడి పోలిక, పిల్ల వెల: గురజాడ ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ - మేనిచాయ విలువ

వ్యాససంగ్రహం

గురజాడ అప్పారావు రచించిన ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ను కన్యాశుల్క దురాచారాన్ని నిరసించిన కథాగేయంగా విమర్శకులు పరిశీలిస్తూ వచ్చారు. అందులో బంగారం నిర్వహించే పాత్రను విడిగా గమనిస్తే, ఆడపిల్ల మేనిచాయను పొగిడే భాషకూ, ఆమెకు వెల కట్టే వ్యవహారానికీ మధ్య ఉన్న సంబంధం స్పష్టమవుతుంది. ఈ గేయాన్ని ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికతోనూ, ‘కన్యక’తోనూ, చాసో కథ ‘ఎంపు’తోనూ కలిపి చదివి, నేటి రంగుమార్పు కోరికను అర్థం చేసుకోవడానికి విజయనగర సాహిత్యం ఏ మేరకు తోడ్పడుతుందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గురజాడ, పూర్ణమ్మ, మేనిచాయ, కన్యాశుల్కం, వరకట్నం, చాసో, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం

పెళ్లిచూపులకు వెళ్లివచ్చినవారిని “పిల్ల ఎలాగుంది?” అని అడగడం, దానికి రంగుతో జవాబు మొదలుకావడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి కొత్త సంగతి కాదు. “ఎర్రగా బుర్రగా ఉంది” అంటే మాట అక్కడితో పూర్తవుతుంది. “నలుపే గాని కళగల మొహం” అన్నప్పుడు మాత్రం వాక్యం నడుమ ఒక ‘గాని’ వచ్చి చేరుతుంది. ఆ ‘గాని’ పిల్ల తరఫున ఎవరో చెప్పుకొంటున్న క్షమాపణ. ఆమె చదువు, పనితనం, స్వభావం అన్నీ ఆ ‘గాని’ తరువాతనే రావాలి.

ఈ అలవాటును సంఘశాస్త్రం ఒక విధంగా, వైద్యశాస్త్రం మరొక విధంగా పరిశీలిస్తాయి. సాహిత్యవిమర్శకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఒకటి ఉంది. అందాన్ని పొగడడానికి మనకు మాటలు నేర్పినది సాహిత్యమే కనుక, ఆ మాటలు ఎక్కడ ముద్దు, ఎక్కడ కొలత అన్నది తేల్చవలసినదీ సాహిత్యవిమర్శే.

2. రంగుమాటలు - వ్యాఖ్యాతల సవరణలు

తెలుగులో మెచ్చుకోలుకు నోచుకున్న మేనిచాయలు పుత్తడి, పసిమి, దబ్బపండు, ఎరుపు. ఇవేవీ నిజానికి తెలుపు కావు. ‘తెల్లగా పాలిపోయింది’ అంటే మనకు జబ్బు గుర్తుకు వస్తుంది. కాబట్టి మన రంగుమోజును ఆంగ్లేయుల పాలనతోనే ముడిపెట్టి వివరించడం చాలదు. పసుపు, పండు, బంగారం ఇంటిలో దాచుకొనేవి, శుభకార్యానికి బయటకు తీసేవి. నలుపుకు చెప్పే పోలికలు బొగ్గు, మసి, కాకి. ఇవి పొయ్యి దగ్గరవి, పెరటివి. రంగుల వెనుక నీడపట్టున ఉండే దేహానికీ, పనిలో ఉండే దేహానికీ మధ్య గీసిన గీత ఉంది.

అయితే సంప్రదాయం మొత్తం నలుపును తిరస్కరించిందనడం సరికాదు. కృష్ణుడు నల్లనివాడు. ద్రౌపదికి ‘కృష్ణ’ అన్న పేరు ఆమె మేనిచాయనుబట్టి వచ్చినదే. సత్యవతికి ‘కాళి’ అన్న పేరుంది. ఉత్తరాంధ్రలో ఇంటిపేరుగా వినిపించే ‘కర్రి’ అన్న మాటకు నలుపనే అర్థం. “నలుపు నారాయణుడు మెచ్చు” అన్న సామెతా ఉంది. కాని ఆ సామెతను ఓదార్పుగా వాడతాము తప్ప పొగడ్తగా వాడము. నారాయణుడు మెచ్చినంత మాత్రాన మగపెళ్లివారు మెచ్చరని చెప్పేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు.

వ్యాఖ్యానం కూడా ఈ విషయంలో తటస్థంగా లేదు. మేఘసందేశంలో యక్షుని భార్యను కాళిదాసు ‘శ్యామ’ అన్నాడు. తెలుగువాడైన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి దానికి నడియౌవనంలో ఉన్న స్త్రీ అని అర్థం చెప్పాడు. ఆ అర్థానికి నిఘంటువుల ఆధారం ఉంది, తప్పుపట్టలేము. అయినా ఫలితం ఒకటే: రంగును చెప్పగల మాట వయసును చెప్పే మాటగా మారింది. కావ్యనాయిక నల్లగా ఉండే అవకాశం పాఠకుని ఊహకు అందకుండా పోయింది. మేనిచాయను సవరించే పని లేపనాలకంటే ముందు వ్యాఖ్యానాలలోనే జరిగిందనడానికి ఇదొక నిదర్శనం.

3. పూర్ణమ్మ: రెండు బంగారాలు

‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ కథ తెలుగు పాఠకులకు సుపరిచితం. పూజారి ఇంట పుట్టి, దుర్గకు పూలు కోసి అర్చించే పిల్లను తండ్రి ధనం కోసం ముసలివానికి కట్టబెడతాడు. అత్తవారింటికి పంపే వేళ అందరి వద్దా సెలవు తీసుకొని, సందెవేళ కోనేటిలో దుర్గను చేరుకొంటుంది.

ఈ గేయంలో బంగారం మూడు చోట్ల కీలకంగా వస్తుంది. మొదటిది ఆరంభంలోని సంబోధన. కథ వింటున్న స్త్రీలనందరినీ కవి మేలిమి బంగారంగా, కలువకన్నుల కన్నెలుగా పిలుస్తాడు. ఇక్కడ బంగారం ఒక పిల్లకు ఉండి మరొక పిల్లకు లేని చాయ కాదు. వినవచ్చిన ప్రతి ఆడపిల్లా బంగారమే. “నా బంగారుతల్లి” అనే తల్లి పిల్ల రంగు చూసి ఆ మాట అనదు. దీనిని ముద్దు బంగారం అనవచ్చు.

రెండవది పూర్ణమ్మకు పెట్టిన ‘పుత్తడి బొమ్మ’ అన్న పేరు. ఇందులో ముద్దు ఉంది, ప్రమాదమూ ఉంది. పుత్తడికి బజారులో వెల ఉంది. బొమ్మకు నోరు లేదు. బిడ్డను పుత్తడి అని పిలిచిన ఇంటిలోనే ఆమెను ధనంగా మార్చుకొన్నారు. పొగడ్తకు వాడిన మాటే బేరానికి దారితీసింది. ఇది గీటురాయి మీద గీసి చూసే బంగారం.

మూడవది ముగింపు. పూర్ణమ్మ కన్నుల కాంతి కలువలకు, మేని మెరుపు మేలిమి బంగారానికి, నడక సొగసు హంసలకు వెళ్లిపోయాయని చెప్పి, పూర్ణమ్మ మాత్రం దుర్గను చేరిందంటాడు కవి. సాధారణంగా దీనిని కరుణరసాన్ని పోషించే అలంకారంగా చదువుతాము. మరొక కోణం నుంచి చూస్తే ఇది అప్పు తీర్చివేయడం. ఉపమానాలన్నీ ఎవరివి వారికి చేరిపోయాయి. వాటిని తిరిగి ఇచ్చివేసిన తరువాత కూడా పూర్ణమ్మ అనే మనిషి మిగిలింది. ఆ మిగిలినదే దుర్గను చేరింది. మేని మెరుపే పూర్ణమ్మ అయివుంటే, బంగారాన్ని చేరడంతోనే గేయం ముగిసేది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. గురజాడ లక్ష్యం కన్యావిక్రయమే గాని వర్ణవివక్ష కాదు కదా అని. అది నిజమే. నల్లపిల్లల పక్షాన ఆయన ఈ గేయం రాశాడని చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. పోలికకూ వెలకూ ఉన్న బంధాన్ని ఆయన కథానిర్మాణంలోనే బయటపెట్టాడనీ, ఆ బంధం కన్యాశుల్కంతో అంతరించలేదనీ మాత్రమే ప్రతిపాదన.

4. వెలల పట్టిక: వయసు నుంచి చాయకు

1892లో విజయనగరంలో ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. ఆ కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ, విజయనగర మహారాజు ఆదేశంపై విశాఖపట్నం జిల్లాలో తయారైన కన్యాశుల్క వివాహాల పట్టికను ప్రస్తావించాడు. మూడేళ్ల కాలానికి లెక్కకు వచ్చినవి 1034. వారిలో అయిదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాదివారు 3. ఆ ఏడాది పసికందుల వెల 350 నుంచి 400 రూపాయల వరకు పలికింది.

ఆయన మనముందుంచిన ఈ వివరాలలో వయసు ఉంది, వెల ఉంది. చాయ లేదు. ధనం వరుని వైపు నుంచి కన్య తండ్రికి చేరే వ్యవస్థలో పిల్ల దొరకడమే ముఖ్యం. ఆమె రంగును ఎత్తిచూపి బేరం తగ్గించే బలం ముసలివరునికి తక్కువ. తరువాతి కాలంలో ధనప్రవాహం దిశ మారింది. కన్యాశుల్కం వెనుకబడి వరకట్నం బలపడింది. వెల వరునికి వచ్చింది, పరీక్ష కన్యకు వచ్చింది. “రంగు తక్కువైతే కట్నం ఎక్కువ” అన్న లెక్క ఈ రెండవ వ్యవస్థలోనే అర్థవంతమవుతుంది. 1961 వరకట్న నిషేధ చట్టం ఇచ్చిపుచ్చుకోవడాన్ని నేరంగా ప్రకటించింది గాని, పెళ్లిచూపుల చాపమీద జరిగే ఈ తూకం ఏ చట్టానికీ దొరికేది కాదు. పూర్ణమ్మ కాలంలో పుత్తడి పిల్లను అమ్మించింది. మన కాలంలో పుత్తడి చాయ లేకపోవడం పిల్ల తండ్రిచేత అదనపు పుత్తడి కొనిపిస్తున్నది.

5. ‘కన్యక’, ‘ఎంపు’: చూపుల తారుమారు

‘కన్యక’లో బంగారం మేనిమీద కాదు, చీరలో ఉంది. గుడికి వెళ్లడానికి ఆమె తానే ఎంచుకొని అలంకరించుకొన్నది. రాజు చూపు ఆ అలంకారాన్ని తనకోసమైనదిగా చదువుకొంది. అలంకరించుకోవడం వేరు, ఒకరి చూపుకు తగినట్లు దేహాన్ని మార్చుకోవడం వేరు అన్న విచక్షణకు ఈ గేయం మంచి ఆధారం. పసుపు రాసుకొని నలుగు పెట్టుకొనే ఆడపిల్లను తప్పుపట్టవలసిన పనిలేదు. రాసుకోకపోతే విలువ లేదనే చూపునే తప్పుపట్టాలి.

విజయనగరానికే చెందిన చాసో ‘ఎంపు’లో పెళ్లి ఎంపికనే ముష్టివారి మధ్యకు తీసుకువెళ్లాడు. కూతురు మనసు కుంటివానిమీద ఉంటే, తండ్రి గుడ్డివాణ్ణి చేసుకొమ్మని నచ్చజెబుతాడు. వాదన అంతా సంపాదనమీదనే నడుస్తుంది. ఆ తూకంలో చూపులేని వరునికి పెళ్లికూతురి చాయతో నిమిత్తం లేదు. అందం గురించి చెప్పే ఆదర్శాలను తీసివేస్తే పెళ్లి ఎంపికలో మిగిలే ఆర్థికసారాన్ని చాసో ఏ ఉపన్యాసమూ లేకుండా చూపాడు. పై తరగతి పెళ్లిచూపులలో అదే సారం రంగు అనే మర్యాదపు మాట చాటున దాగి ఉంటుంది.

6. సీసాలోని పుత్తడి

1975లో హిందుస్తాన్ లీవర్ సంస్థ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని దేశంలో ప్రవేశపెట్టింది. ఆ తరువాత దశాబ్దాలలో నడిచిన ప్రకటనల కథ ఒక్కటే: చాయ మారింది, పెళ్లి కుదిరింది లేదా ఉద్యోగం వచ్చింది. 2014లో భారత ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లనివారిని నిరుత్సాహులుగా, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివారుగా చూపరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ఆ లేపనం పేరు ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ‘తెలుపు’ పోయి ‘కాంతి’ వచ్చింది. శ్యామకు మల్లినాథుడు చెప్పిన అర్థంలాగే ఇదీ మాటలో జరిగిన సవరణే. వెనుక ఉన్న చూపు మారినట్లు దీనివల్ల రుజువు కాదు.

దీనికంటే తీవ్రమైనది మందుల దుర్వినియోగం. మంగు మచ్చలకు పరిమితకాలం వాడవలసిన స్టెరాయిడ్ మిశ్రమాలను రంగు కోసం నెలల తరబడి రాసుకొంటున్నారు. మొదట్లో ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది. క్రమంగా చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలూ అవాంఛిత రోమాలూ వస్తాయి. మానితే మంట పుడుతుంది కనుక మానలేరు. 2018లో కేంద్రప్రభుత్వం 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిర్దేశించింది. ‘ఎర్రగా’ కావాలన్న కోరిక చివరకు ఎర్రబారి మండే ముఖంగా తీరడం మాటల చమత్కారం కాదు, చర్మవైద్యుల వద్దకు వచ్చే నిత్యానుభవం.

7. ముగింపు

ఉత్తరాంధ్ర ఎండలో పొలంలో నాట్లు వేసే ఆమె, సముద్రతీరాన చేపలు ఎండబెట్టే ఆమె, కొండవాలులో పోడు చేసే ఆమె తమ చాయలో తమ పనిని మోస్తున్నారు. చర్మవ్యాధులు పోవాలని భక్తులు మొక్కుకొనే అరసవల్లిలో సూర్యభగవానుని మూర్తి నల్లరాతిది. ఆ నలుపు ఎవరికీ లోపంగా తోచదు. మనిషి దగ్గరకు వచ్చేసరికి తోస్తున్నది.

‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ను తరగతి గదిలో బోధించేటప్పుడు ‘పుత్తడి బొమ్మ’ అంటే బంగారు చాయగల అందమైన పిల్ల అని అర్థం చెప్పి ఊరుకుంటే, ఆ గదిలోని నల్లపిల్లకు ఈ కథ తనది కాదనిపిస్తుంది. కవి మాత్రం విన్న ప్రతి పిల్లనూ మేలిమి అని పిలిచే కథ మొదలుపెట్టాడు. ముద్దు బంగారాన్నీ గీటురాయి బంగారాన్నీ వేరుచేసి చెప్పడం ఈ గేయానికి చేయవలసిన న్యాయం. మేని మెరుపును బంగారానికే ఇచ్చివేసినా పూర్ణమ్మ మిగిలింది. పెళ్లిచూపుల వాక్యంలో ‘గాని’ తరువాత నిలబెట్టిన పిల్లలకు ముందుగా చెప్పవలసిన అర్థం అదే.