తట్టి చూశాకే తిప్పాలి

సంతలో కుండ కొనేవాళ్లు వేళ్ల కణుపులతో తట్టి చూస్తారు. కంగుమంటే తీసుకుంటారు, జీరగా మోగితే పక్కన పెడతారు. నేను చూసిన తరిమెన పనివాడు కూడా ఆరిన వేప గిన్నెను లేత్ మీదికి ఎక్కించే ముందు అదే చేశాడు. అంచు చుట్టూ నాలుగు చోట్ల తట్టాడు. మూడు చోట్ల ఒకటే మోత, నాలుగో చోట జీర. "ఇక్కడుంది" అన్నాడు. నా కంటికి అక్కడేమీ ఆనలేదు. స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచాడు. పైతడి క్షణాల్లో ఆరిపోయింది. పగుల్లోకి దిగిన తడి మాత్రం వెంట్రుకంత నల్లగీతగా మిగిలింది. దాని రెండు కొసల దగ్గరా పెన్సిలుతో చుక్కలు పెట్టాడు.

పగులు ఎందుకొస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. దవ్వ నుంచి బెరడు వైపుకి ఎంత తగ్గుతుందో, వలయాల వెంబడి దాదాపు దానికి రెట్టింపు తగ్గుతుంది. అందుకే పచ్చికర్రతో గుండ్రంగా చేసిన గిన్నె ఆరేసరికి కోలగా వంకర పోతుంది. ఇది తెలిసినవాళ్లు మొదటిసారి మందంగా, వెడల్పులో పదో వంతు ఉండేలా తొలిచి, నెలల తరబడి నీడలో ఆరబెట్టి, రెండోసారి పట్టి గుండ్రం చేస్తారు. నారల కొసలు బయటపడే రెండు వైపులా తడి తొందరగా పోతుంది. పైపొర బిగుసుకుంటుంది, లోపల ఇంకా పచ్చి. ఆ లాగులాటలో కర్ర నెర్రె విచ్చుతుంది. ఆ రెండు వైపులకూ మైనం పూయడం అందుకే. దవ్వను గిన్నెలో ఉంచేస్తే మైనం కూడా కాపాడదు.

ఇక తీర్పు. అంచు దగ్గర పుట్టి అక్కడే ఆగిన పగులైతే అంచును కాస్త కిందికి దించి తీసేస్తాడు. గిన్నెను లేత్‌కు బిగించే చక్ పళ్లు పట్టే అడుగు పీట దాకా దిగినా, గోడను ఈ మొన నుంచి ఆ మొనకు చీల్చినా ఆ గిన్నె ఎక్కదు. ఈ రెండింటికీ నడుమ ఉన్నవాటి దగ్గరే పనితనమంతా. సన్నటి గీతలోకి నీళ్లలాంటి సూపర్ గ్లూ దించుతాడు. వెడల్పుదైతే ఎపాక్సీలో కాఫీ పొడి కలిపి నింపి, ఒక రోజంతా ముట్టుకోడు. ఇంకా లోతైనదానికి సీతాకోకచిలుక ఆకారపు కర్రముక్కను అడ్డంగా బిగిస్తాడు. ఆ ముక్క నారలు పగులుకు అడ్డంగా ఉండాలి, లేకపోతే అదీ విరుగుతుంది. పేరున్న వడ్రంగి నకషిమా చేసిన బల్లల మీద నలుగురూ మెచ్చుకునే అతుకు ఇదే. ఒక్క మాట: జిగురు పగులును కప్పుతుంది, అంతే. జిగురును నమ్మి వేగం పెంచేవాణ్ణి నేను నమ్మను.

వేగం సంగతి లెక్క కట్టి చూడండి. 12 అంగుళాల గిన్నె నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే అంచు గంటకు సుమారు 57 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. చుట్లు సగానికి తగ్గిస్తే కర్రను బయటికి లాగే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఆయన అట్టడుగు వేగంతో మొదలుపెడతాడు. అంతకుముందు గిన్నెను చేత్తో ఒక చుట్టు తిప్పి ఉలిపీటకు తగలడం లేదని చూస్తాడు. గిన్నెను ఎదురువైపు నుంచి నొక్కిపట్టే టెయిల్‌స్టాక్‌ను వీలైనంత సేపు ఆనించే ఉంచుతాడు. ముఖానికి నిండు షీల్డ్ పెట్టుకుని, గిన్నె ఎగిరే దారిలోంచి పక్కకు జరిగి స్విచ్ నొక్కుతాడు.

ముందు బయటివైపు. ఉలి వాలును కర్రకు ఆనించి, పిడి మెల్లగా ఎత్తితే మొన అంటుకుంటుంది, పీచు ఉల్లిపొరలా రాలుతుంది. లోపల తొలిచే ముందు బయట చుట్టూ ప్లాస్టిక్ టేపు బిగించి చుడతాడు. మధ్యమధ్య ఆపి, పెన్సిలు చుక్కలు చూసుకుని, చెరిగిపోతే మళ్లీ పెడతాడు. గీత చుక్క దాటిందా, అంతటితో సరి. టకటకమని కొత్త చప్పుడు వినిపించినా లేత్ ఆగిపోతుంది. గరుకు కాగితం కూడా ఒత్తి పట్టడు, ఆ వేడికే కొత్త నెర్రెలొస్తాయి.

ఆ రోజు మూడు వేప గిన్నెలు ఎక్కాల్సింది. రెండు తిరిగాయి. మూడోదాన్ని తట్టి, స్పిరిట్ రాసి, చక్ దగ్గరికి తీసుకెళ్లకుండానే పొయ్యికట్టెల కుప్ప మీద పెట్టాడు.