పాటకీ పాటకీ మధ్య

అమెరికాలో ఎఫ్‌ఎం బ్యాండు మొదట్లో 88.1 నుంచి 91.9 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 20 ఛానళ్లు వ్యాపారంతో పనిలేని విద్యా ప్రసారాలకే కేటాయించినవి. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 1945లో ఈ ఏర్పాటు చేసింది. కాలేజీ రేడియోలు చాలావరకు అక్కడే వినిపిస్తాయి. వాటిలో మైకు ముందు కూర్చునే డీజే జీతం తీసుకునే అనౌన్సరు కాదు. పగలు కెమిస్ట్రీ క్లాసుకో చరిత్ర క్లాసుకో వెళ్లి, వారానికి రెండు మూడు గంటలు స్టేషన్ పగ్గాలు పట్టుకునే విద్యార్థి. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ఆ కాసేపూ తేల్చేది ఆ విద్యార్థే. వ్యాపార రేడియోలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి కూడా ఈ వెసులుబాటు అరుదు. వినేవాళ్ల సంఖ్య చూసి ప్రకటనల రేటు కట్టే పద్ధతి ఇక్కడ లేకపోవడమే దానికి కారణం. ఎవరూ లెక్క అడగరు కాబట్టి ఎంపిక బరువంతా డీజే మీదే పడుతుంది.

ఈ రేడియోలు పుట్టింది హాస్టళ్లలో. 1936లో బ్రౌన్ యూనివర్సిటీ విద్యార్థులు భవనాల తీగల మీదుగా ప్రసారాన్ని గదిగదికీ పంపారు. 1948లో ఎఫ్‌సీసీ 10 వాట్ల లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న కాలేజీలకూ గాలిలో చోటు దొరికింది. పది వాట్లంటే క్యాంపస్, దాని చుట్టూ కొన్ని మైళ్లు. 1978లో నిబంధన మారింది. 100 వాట్లకు పెరగని స్టేషన్లకు తమ ఫ్రీక్వెన్సీ మీద రక్షణ పోయింది. డబ్బున్న కాలేజీలు పెద్ద ట్రాన్స్‌మిటర్లు కొనుక్కున్నాయి, లేనివి నెమ్మదిగా తప్పుకున్నాయి.

కొత్తగా చేరినవారిని వెంటనే మైకు ముందు కూర్చోబెట్టరు. పాత డీజే పక్కన కూర్చుని చూడాలి, నిబంధనల మీద పరీక్ష రాయాలి, నమూనా కార్యక్రమం రికార్డు చేసి ఇవ్వాలి. ఇవన్నీ దాటాక చేతికొచ్చేది సాధారణంగా అర్ధరాత్రి దాటాక రెండింటి నుంచి తెల్లవారేవరకు ఉండే షిఫ్టు. ఎవరూ వినరని ఇచ్చే షిఫ్టు అది. అయితే రాత్రి పని చేసేవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు వింటూనే ఉంటారు. ఆ వేళ ఫోన్ చేసే శ్రోత ఒక్కరే అయినా, పగటి శ్రోతకంటే శ్రద్ధగా విన్నవారే అయి ఉంటారు.

చేతిపని విషయానికొస్తే, అసలు విద్యంతా పాటకీ పాటకీ మధ్య ఉంటుంది. ఒక టర్న్‌టేబుల్ మీద పాట మోగుతుండగానే రెండోదాని మీద తర్వాతి రికార్డును సిద్ధం చేయాలి. హెడ్‌ఫోన్స్‌లో వింటూ సూదిని తొలి స్వరం దగ్గర నిలిపి, రికార్డును కొంచెం వెనక్కి తిప్పి ఉంచుతారు. పళ్లెం పూర్తి వేగం అందుకునేదాకా వచ్చే శబ్దం సాగిపోయి వంకరగా వినిపిస్తుంది, ఆ వెనక్కి తిప్పడం దానికోసమే. ఎంత తిప్పాలన్నది యంత్రాన్ని బట్టి ఉంటుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ క్షణంలోపే వేగం అందుకుంటుంది కనుక కొద్దిగా తిప్పితే చాలు. బెల్టుతో తిరిగే పాతవాటికి ఇంకాస్త కావాలి. సీడీలు, కంప్యూటర్లు వచ్చాక ఈ అవస్థ తప్పింది. అయినా రికార్డుల మీదే నేర్పే స్టేషన్లు ఇప్పటికీ ఉన్నాయి. వేలితో ఆపి పట్టుకున్న పాటను ఎక్కడ వదలాలో చెవి తొందరగా నేర్చుకుంటుందన్న వాదనలో నిజం ఉంది.

ఒక పాట ఆగకుండా మరో పాటలోకి జారడాన్ని సెగ్వే అంటారు. కొన్ని పాటలు మెల్లగా సన్నగిల్లుతాయి, కొన్ని ఠక్కున ఆగిపోతాయి. ఈ తేడా ముందే తెలియకపోతే శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్ మీద ఉన్న చెయ్యి ఆలస్యమవుతుంది, గాలిలో నిశ్శబ్దం మిగులుతుంది. డెడ్ ఎయిర్ అని పిలిచే ఆ నిశ్శబ్దానికి డీజేలు భయపడినంతగా మరి దేనికీ భయపడరు. ఒకటి రెండు క్షణాలైతే శ్రోతకు ఊపిరి తీసుకున్నట్టే ఉంటుంది, పది క్షణాలైతే స్టేషన్ మార్చేస్తారు. అయితే జారుడు నున్నగా ఉన్నంత మాత్రాన అది మంచి ఎంపిక కాదు. లయ కలిసే రెండు పాటలను పక్కపక్కన పెట్టడం ఎవరైనా చేస్తారు. యాభయ్యేళ్ల నాటి జాజ్ పక్కన ఈ వారం వచ్చిన గ్యారేజ్ బ్యాండును పెట్టి, రెంటిలోనూ ఒకే రకం డ్రమ్ము దెబ్బ ఉందని మాట పలకకుండా వినిపించగలగడం నేర్పు. ఫ్రీఫామ్ అని పిలిచే ఈ తీరుకు కాలిఫోర్నియాలోని కేఏఎల్‌ఎక్స్, కేడీవీఎస్ లాంటి స్టేషన్లు పేరుపడ్డాయి.

మాట్లాడే పని అంతకంటే కష్టం. మైకు తెరవగానే గదిలో స్పీకర్లు మూగబోతాయి, తన గొంతు తనకు హెడ్‌ఫోన్స్‌లోనే వినిపిస్తుంది. కొత్తవారు వేగంగా మాట్లాడతారు, లేదా ప్రొఫెషనల్ అనౌన్సరు గొంతు అరువు తెచ్చుకుంటారు. రెండోదే ఎక్కువ చేటు. మూడు నాలుగు పాటలకోసారి, మోగినవేమిటో పేర్లు చెప్పి, ఒక్క ఉపయోగపడే మాట చెప్పి తప్పుకోవడం మామూలు పద్ధతి. ఈ పద్ధతిని పూర్తిగా తలకిందులు చేసినవాడు ఫిల్ షాప్. 1970లో కొలంబియా యూనివర్సిటీ విద్యార్థిగా డబ్ల్యూకేసీఆర్‌లో చేరి, చదువు అయిపోయినా స్టేషన్‌ను వదలలేదు. 1981లో జాజ్ కళాకారుడు చార్లీ పార్కర్ సంగీతానికే ‘బర్డ్ ఫ్లైట్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి దశాబ్దాలపాటు నడిపాడు. ఒక రికార్డింగ్ ఏ రోజున జరిగింది, ఎవరు వాయించారు అన్న ముక్క మీద పాట నిడివిని మించి మాట్లాడగల మనిషి. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. కానీ 2021లో మరణించేనాటికి ఆయన దేశంలో పేరెన్నికగన్న జాజ్ చరిత్రకారుల్లో ఒకడు. అంత మాటకు చోటిచ్చే ఓపిక ప్రకటనల మీద బతికే స్టేషన్‌కు ఉండదు.

నిబంధనలు కొన్నే అయినా ఖచ్చితమైనవి. గంట మారేటప్పుడు స్టేషన్ కాల్ లెటర్లు, వెంటనే లైసెన్సు ఉన్న ఊరి పేరు చెప్పాలి. ధన సహాయం చేసిన దుకాణం పేరు చెప్పవచ్చు కానీ ధర చెప్పకూడదు, వెళ్లి కొనమనకూడదు. బూతు మాటల సంగతి 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూయార్క్‌లోని డబ్ల్యూబీఏఐ 1973లో పట్టపగలు ప్రసారం చేసిన జార్జ్ కార్లిన్ హాస్య ప్రసంగం మీద వచ్చిన ఫిర్యాదే ఆ కేసు. కోర్టు ఎఫ్‌సీసీ పక్షాన నిలిచింది. ఇప్పుడు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు కొంత సడలింపు ఉంది. అంటే నిబంధన వదులుగా ఉండే వేళలే అనుభవం లేనివారి చేతికి వస్తున్నాయి. ఇంటర్నెట్ ప్రసారానికి వేరే చట్టం, 1998 నాటిది. మూడు గంటల్లో ఒక ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించకూడదు, వరసగా రెండుకు మించకూడదు.

మ్యూజిక్ డైరెక్టర్ అంటే ఇక్కడ బాణీలు కట్టేవారు కాదు, కొత్త రికార్డులు విని వడగట్టే విద్యార్థి. అట్ట మీద చీటీ అంటించి, ఏ పాటలు వేయవచ్చో, ఎందులో బూతుందో రాస్తారు. ఆ చీటీల బలం ఎంతో 1980లలో తెలిసింది. జార్జియాలోని ఏథెన్స్ నుంచి వచ్చిన ఆర్‌ఈఎం బ్యాండును పెద్ద రేడియోలు పట్టించుకునే ముందే కాలేజీ డీజేలు ఊరూరా వినిపించారు. 1978లో మొదలైన సీఎంజే పత్రిక ఈ స్టేషన్ల ప్లేలిస్టులతో చార్టులు వేసింది. దాంతో రికార్డు కంపెనీల ఫోన్లు కాలేజీ గదుల్లో మోగడం మొదలైంది.

ఫ్రీక్వెన్సీకి ధర ఉన్నంతకాలం విద్యార్థుల పట్టు గట్టిది కాదు. లైసెన్సు ఉండేది యూనివర్సిటీ పేరు మీద. యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో 2011 జనవరిలో కేయూఎస్‌ఎఫ్‌ను అమ్మకానికి పెట్టి ఒక్కరోజులో గాలిలోంచి తప్పించింది. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ అదే ఏడాది కేటీఆర్‌యూ ఫ్రీక్వెన్సీని మరో యూనివర్సిటీకి వదులుకుంది. నాలుగేళ్ల తర్వాత ఆ విద్యార్థులు తక్కువ శక్తి లైసెన్సు మీద మళ్లీ ఎఫ్‌ఎంలోకి వచ్చారు. న్యూజెర్సీలో డబ్ల్యూఎఫ్‌ఎంయూ ముందుచూపుతో బతికింది. 1995లో అప్‌సలా కాలేజీ మూతపడేలోపే స్టేషన్ మనుషులు లైసెన్సు కొనేసుకున్నారు.

మన దేశంలో విద్యాసంస్థలకు సొంత రేడియో నడిపే తలుపు 2002 చివర్లో తెరుచుకుంది. 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ ముందుగా అడుగుపెట్టింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 90.4 మీద ‘బోల్ హైదరాబాద్’ నడుస్తోంది. ఇలాంటి స్టేషన్లకు శక్తి 100 వాట్లు, సగం కార్యక్రమాలైనా అక్కడే తయారు కావాలి, సొంత వార్తలు కూడదు. అందువల్ల ఇక్కడి విద్యార్థి పని రికార్డులు ఎంచడం కంటే రికార్డర్ పట్టుకుని ఇంటర్వ్యూలు చేయడం, వాటిని కత్తిరించి కూర్చడం వైపు మొగ్గింది.