ఐదో కలిమా దగ్గర

నా నిఖా రోజు ఖాజీగారు కలిమాలు చదవమన్నారు. మొదటి నాలుగూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఐదోది సగం దాకా వచ్చి ఆగిపోయింది. నాలుక మీద ఉన్నట్టే ఉంది, రాదు. ఖాజీగారు మంచివాడు, చిన్నగా అందించాడు, నేను వెంట అన్నాను. అంతే, అయిపోయింది. కానీ వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, నాకు వినపడేలాగే, “దూదేకులోళ్ళు గదా, ఇందాకా రావడమే ఎక్కువ” అన్నాడు. రెండు మూడు నవ్వులు వినిపించాయి.

మాది కర్నూలు వైపు నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో తెలుగే. మా ఆవిడ వాళ్ళది ఉర్దూ ఇల్లు. ఉర్దూ రాని ముస్లింకి కలిమాలు ఎన్ని వచ్చు అనేది మా ప్రాంతంలో ఒక కొలబద్ద. ఆ కొలబద్ద ఎక్కడ తయారైందో చూద్దామని నాకు ఆ రోజే అనిపించింది. చూడటానికి ఏడేళ్ళు పట్టింది.

మా ఇంట్లో ఒక చిన్న పుస్తకం ఉంది. పచ్చ అట్ట, మీద మదీనా గుంబజ్ బొమ్మ, లోపల ఆరు కలిమాలు తెలుగు లిపిలో. దర్గాల దగ్గర, మసీదుల బయట అమ్మే రకం. సంపాదకుడి పేరు లేదు. ఏ కలిమా కిందా అది ఎక్కడిదో లేదు. తెలుగు లిపిలో అరబ్బీ చదవడం ఎలా ఉంటుందో చదివినవాళ్ళకి తెలుసు. అరబ్బీలో రెండు ‘క’లు, రెండు రకాల ‘హ’లు ఉంటే మనకి ఒక్కోదానికీ ఒకటే అక్షరం. గుండెకి, కుక్కకి మధ్య ఉన్న తేడా ఒక్క ‘క’లోనే ఉందని, తెలుగులో రాస్తే రెండూ ‘కల్బ్’ అవుతాయని మౌల్వీగారు మమ్మల్ని భయపెట్టేవారు. అయినా నాలాంటివాళ్ళు కొన్ని వేలమంది దీన్లోకి ఈ పుస్తకం తలుపులోంచే వచ్చాం. మత గ్రంథం అని పక్కన పెట్టకుండా, ఒక సంకలనంగా దీన్ని చదివితే ఏం దొరుకుతుంది? ఇది ఆ సమీక్ష.

ముందు ఒక మాట. ఆరు కలిమాలు, వాటికి నంబర్లు, తయ్యబ్, షహాదత్, తమ్‌జీద్, తౌహీద్, ఇస్తిగ్ఫార్, రద్దె కుఫ్ర్ అనే పేర్లు, ఈ అమరిక ఖురాన్‌లో లేదు. హదీసుల్లోనూ లేదు. ఇది మన ఉపఖండం పద్ధతి. మా ఆఫీసులో జోర్డాన్ నుంచి వచ్చిన ఒకాయనని “నీకు ఐదో కలిమా వచ్చా?” అని అడిగితే, “ఐదోది ఏంటి, ఎన్నున్నాయి?” అన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం అంత ధార్మికమైనది కాదు.

కానీ అమరిక లేదు కాబట్టి లోపలి సరుకూ లేదనుకుంటే తప్పు. మొదటి కలిమా చూడండి. అల్లా తప్ప వేరే దైవం లేడన్నది ఒక సగం, ముహమ్మద్ ఆయన ప్రవక్త అన్నది రెండో సగం. మొదటి సగం ఖురాన్‌లో 37వ సూరా 35వ ఆయతులో, 47వ సూరా 19వ ఆయతులో ఉంది. రెండో సగం 48వ సూరా 29లో ఉంది. రెండూ పక్కపక్కన, మనం చదివే ఒక్క వాక్యంగా మాత్రం ఖురాన్‌లో ఎక్కడా లేవు. చిన్నప్పటినుంచి ఒక్క ఊపిరిలో అనే మాటకి మధ్యలో కుట్టు ఉందని తెలిసినప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ రెండిటినీ ఒక సాక్ష్యంగా కలిపి చెప్పింది హదీసులు. ఇస్లాం ఐదు స్తంభాల మీద నిలిచిందని చెప్పే హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. అందులో మొదటి స్తంభం ఈ జంట సాక్ష్యమే. రెండో కలిమా కూడా అక్కడిదే. నమాజులో కూర్చుని చదివే తషహ్హుద్‌లో, వజూ తర్వాత చదివే దుఆలో ఇదే వస్తుంది.

మూడోది స్తోత్రం. అందులోని నాలుగు చిన్న మాటలు అల్లాకి ఎంతో ఇష్టమైనవని సహీహ్ ముస్లింలో ఉంది. చివర ‘లాహౌల’ వస్తుంది. ఇక్కడ పెద్ద చిక్కు లేదు.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. రాజ్యం ఆయనదే, స్తుతి ఆయనకే, బతికించేదీ చంపేదీ ఆయనే అనే వరస. దీనికి దగ్గరి రూపం తిర్మిజీ హదీసుల్లో ఉంది. దాని బలం మీద పండితుల మధ్య వాదన ఉంది, అది వేరే సంగతి. అది ఎప్పుడు చదవాల్సిన దుఆ అంటే, బజారులోకి అడుగుపెట్టేటప్పుడు! మసీదులోకి వెళ్ళేటప్పుడు కాదు, బేరాల మధ్యకి వెళ్ళేటప్పుడు. మన పుస్తకం ఆ బజారుని తీసేసింది. పైగా ‘ఎప్పటికీ, ఎప్పటెప్పటికీ’ అనే ఒత్తుడు ఒకటి చేర్చింది. 55వ సూరాలో రెండుసార్లు వచ్చే వైభవ విశేషణాన్నీ తెచ్చి పెట్టింది. హదీసు పాఠంలో ఆ రెండూ లేవు. కానీ ఆ నడుమ భాగం ఎంత పాతదో చూడాలంటే పుస్తకాలు అక్కర్లేదు. జెరూసలేంలో ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించిన డోమ్ ఆఫ్ ది రాక్ లోపలి గోడల మీద, హిజ్రీ 72, అంటే క్రీ.శ. 691-92 నాటి మొజాయిక్ అక్షరాల్లో ఆ మాటలు ఉన్నాయి. ఇమామ్ బుఖారీ చనిపోయింది 870లో. అంటే ఆ గొప్ప హదీసు సంకలనాలు తయారవడానికి నూట యాభై ఏళ్ళకి పైగా ముందే, ఈ వరస గోడకెక్కి కూర్చుంది. కర్నూలు పచ్చ పుస్తకంలో అచ్చుతప్పులతో ఉన్న వాక్యం అదే.

ఇక ఐదోది. నా శత్రువు.

ఇది క్షమాపణ. తెలిసి చేసినా పొరపాటున చేసినా, చాటుగా చేసినా బాహాటంగా చేసినా, నాకు తెలిసిన పాపమైనా తెలియని పాపమైనా అని జంటలు జంటలుగా నడుస్తుంది. ఈ పాఠం మొత్తంగా ఏ ప్రామాణిక హదీసు సంకలనంలోనూ లేదు. బుఖారీలో క్షమాపణలన్నిటికీ రాజులాంటిదని ప్రవక్త చెప్పిన దుఆ ఉంది కానీ అది ఇది కాదు. కొన్ని కలిమాల పుస్తకాలు ఐదో స్థానంలో దాన్నే వేస్తాయి కూడా. అంటే మా ఊరి ఐదోది, ఇంకో ఊరి ఐదోది ఒకటి కాకపోవచ్చు! అయితే జంటలు మాత్రం గాలిలోంచి రాలేదు. తెలిసీ తెలియకా, దాచీ దాచకా అనే జతలు బుఖారీ, ముస్లింలలోని ప్రవక్త ప్రార్థనల్లో ఉన్నాయి. ఎవరో వాటిని దగ్గర పెట్టుకుని రాశారు. రాసినవాడు ఉన్నాడని నాకు నమ్మకం కలిగించింది అంత్యప్రాస. చివర్లో మూడు మాటలొస్తాయి: గుయూబ్, ఉయూబ్, జునూబ్. దాగినవన్నీ తెలిసినవాడు, లోపాల్ని కప్పేవాడు, పాపాల్ని మన్నించేవాడు. మొదటిది 5వ సూరాలో ఉన్న ఖురాన్ మాట. మిగతా రెండూ దాని పక్కన ప్రాస కుదిరేలా కూర్చినవి. అరబ్బీ రాని పిల్లాడి నోటికి పట్టడానికి ప్రాస కన్నా మంచి మేకు లేదని ఆ పేరు లేని మనిషికి తెలుసు. మన శతకకారులకీ తెలుసు.

నేను ఎక్కడ ఆగిపోయానో కూడా అప్పుడే అర్థమైంది. మొదటి సగంలో అల్లా ‘ఆయన’. ఆయన వైపు మరలుతున్నాను అంటాం. ఆ మూడు ప్రాసలకి ముందు హఠాత్తుగా ‘నువ్వు’ అవుతాడు. నిశ్చయంగా నువ్వే, అని తిరుగుతుంది వాక్యం. సరిగ్గా ఆ మలుపులో నేను పడ్డాను. ఇది కూర్పు అతుకు అనొచ్చు. కానీ ఫాతిహా సూరాలోనూ ‘ఆయన’ని పొగుడుతూ పొగుడుతూ ‘నిన్నే’ అని తిరుగుతాం. అరబ్బీ అలంకార శాస్త్రంలో దీనికి ఇల్తిఫాత్ అని పేరే ఉంది. తప్పుల చిట్టా చదువుతున్నవాడు తల ఎత్తి ఎదుటివాడి మొహంలోకి చూడటం. కంఠస్థం చేసిన ముప్ఫై ఏళ్ళలో నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరు కలిమాల్లో సాహిత్యంగా ఇదే ఉత్తమం అంటాను. మూలం చూపించలేని కలిమా కూడా ఇదే.

ఆరోది సగం దృఢం, సగం చిట్టా. మొదటి భాగం ప్రవక్త నేర్పిన దుఆ నుంచి వచ్చింది. చీమ నడక కన్నా గుట్టుగా మనిషిలోకి చేరే షిర్క్ గురించి చెబుతూ అబూబకర్‌కి నేర్పిన సందర్భం హదీసుల్లో ఉంది. తర్వాత వచ్చే జాబితా కూర్చినది. కుఫ్ర్, షిర్క్, అబద్ధం, వెనకాల చెడు మాట్లాడటం, బిద్‌అత్, చాడీలు, అశ్లీలం, అపనింద, మొత్తం పాపాలు. తొమ్మిదిలో నాలుగు నోటితో చేసేవి! అవిశ్వాసం పక్కనే చాడీలు. ఈ సంపాదకుడు ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాడని నా అనుమానం. నా నిఖాలో వెనక వరసలో మాట్లాడిన పెద్దాయనకి ఆరోది తప్పకుండా కంఠతా వచ్చి ఉంటుంది.

బిద్‌అత్ అంటే మతంలో లేనిది కొత్తగా చేర్చడం. ఈ ఆరు కలిమాల అమరికే బిద్‌అత్ అని, తీసేయాలని అనేవాళ్ళు ఉన్నారు. బిద్‌అత్‌ని త్యజిస్తున్నానని పిల్లల చేత చెప్పించే పాఠమే బిద్‌అత్ అనిపించుకోవడం, కథలో రాస్తే అతి అనిపిస్తుంది. నాకు ఆ తీసేయమనే వాదన సగమే నచ్చుతుంది. మాటల మూలం అడగడం న్యాయం. కానీ అరబ్బీ రాని కోట్లమందికి నమ్మకాన్ని ఆరు మెట్లుగా కట్టి ఇచ్చినవాడు మోసగాడు కాదు, పంతులు. తప్పు మెట్లది కాదు. వాటిని దడిగా మార్చిన చోట ఉంది.

ఎందుకంటే సాక్ష్యవచనం మూలాల్లో ఎలా కనిపిస్తుందో చూడండి. సహీహ్ ముస్లింలో ఉసామా బిన్ జైద్ ఉదంతం ఉంది. యుద్ధంలో ఒక శత్రువు కత్తి వేటుకి దొరికిపోయి మొదటి కలిమాలోని మొదటి సగం అనేశాడు. ప్రాణభయంతో అన్నాడని ఉసామా పొడిచి చంపేశాడు. ప్రవక్తకి తెలిసి, అతని గుండె చీల్చి చూశావా అని నిలదీశారు. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతుంటే, ఆ రోజే కొత్తగా ముస్లిం అయి ఉంటే బాగుండేదని ఉసామా అనుకున్నాడట. 4వ సూరా 94వ ఆయతు కూడా అంతే, సలాం చెప్పినవాణ్ణి నువ్వు విశ్వాసివి కావు అనొద్దంటుంది. కత్తి పట్టుకున్నవాడి చెయ్యి ఆపడానికి ఆ మాట పనికొచ్చింది. ఎన్ని వచ్చు, ఉచ్చారణ ఎలా ఉంది అని అక్కడ ఎవరూ అడగలేదు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. కలిమా చదవమని అడిగారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ వారం ఆఫీసులో నేను ఎవరి మొహమూ సరిగ్గా చూడలేకపోయాను. పెళ్ళిలో నవ్విన ముసలాయనకీ తుపాకీ పట్టుకున్నవాడికీ పోలిక పెట్టడం లేదు, అది అన్యాయం. కానీ నాకు తెలిసిన పుస్తకంలో ఉసామా కథ కూడా ఉండాల్సింది. ఆరు కలిమాల తర్వాత ఒక పేజీ ఖాళీగానే ఉంది.

మా జేజికి ఒక్క మొదటిదే వచ్చు. అదీ ‘లాయిలాహా’ అనేది, మధ్యలో మన ‘య’ చేర్చి. పోయేముందు రెండు రోజులు అదే గొణిగింది. ఎవరి చివరి మాట అది అవుతుందో వాళ్ళు స్వర్గానికి వెళ్తారని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. ఏ అక్షరం దగ్గర మార్కులు తగ్గిస్తారో అందులో లేదు.

పోయిన రంజాన్‌లో పచ్చ పుస్తకం తీసి, ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో రాసుకుంటూ పోయాను. 37:35. 48:29. ముస్లిం. తిర్మిజీ, బజారు. మా అమ్మ చూసి, “దీన్ పుస్తకంలో గీతలు గీస్తావేంరా, మీ పాప చదవాల్సింది గదా” అంది. చదవడానికేనమ్మా అన్నాను. ఐదోదాని పక్కన ఒక్క ‘5:109’ తప్ప ఏమీ రాయలేదు. మలుపు ఉన్న చోట మాత్రం చిన్న బాణం గుర్తు పెట్టాను, పాప అక్కడ ఊపిరి తీసుకోవాలి కదా.