తాళం వేసినవారు ఊళ్లో లేకపోతే

పోచంపల్లిలో ఒక చీర అంగడికి చేరేలోపే దాని చుట్టూ బోలెడు లెక్క పుడుతుంది. నూలు ఎవరికి ఎంత ఇచ్చారు, రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టినందుకు ఎంత, రంగులకు ఎంత, మగ్గం కూలి ఎంత, పండక్కి తీసుకున్న అడ్వాన్సులో ఇంకా ఎంత తెగాలి... ఇదంతా ఒకప్పుడు మాస్టర్ వీవర్ ఇంట్లో ఖాతా పుస్తకంలో ఉండేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక చాలామంది లెక్క ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కింది. అదే ఏడాది పోచంపల్లిలోనే ప్రారంభమైన నేతన్నకు చేయూత లాంటి పథకాలతో ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఆ లెక్క పక్కన చేరాయి. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది ఇరుగుపొరుగు ముందు పరువుతో ముడిపడిన సంగతి కూడా. కాబట్టి లెక్కల ఫైళ్లకు తాళం ఉండాలా వద్దా అన్నదాని మీద నాకు తగాదా లేదు. నా తగాదా అంతా తాళం తీసే ఏర్పాటు గురించే. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఫైళ్లకు తాళం వేసే వెరాక్రిప్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ చేసే పని వినడానికి తేలిక. కంప్యూటర్‌లో ఒక పెద్ద ఫైలు సృష్టిస్తుంది. పాస్‌వర్డ్ కొడితే ఆ ఫైలే ఇంకో డ్రైవ్‌లా కనబడుతుంది, మూసేస్తే లోపలిదంతా అర్థంకాని అంకెల గుట్ట. ట్యాలీ డేటా ఫోల్డర్‌ను అందులో పెట్టుకోవచ్చు. చిక్కంతా రోజువారీ వాడకంలో వస్తుంది. డ్రైవ్ తెరవకుండా ట్యాలీ తెరిస్తే కంపెనీ పేరే కనబడదు. నిన్న E లాంటి ఒక అక్షరంతో తెరిచిన డ్రైవ్ ఇవాళ ఇంకో అక్షరంతో తెరుచుకున్నా అంతే. డేటా పోయిందని కంగారుపడిన గుమాస్తా అదే పేరుతో కొత్త కంపెనీ సృష్టించి బిల్లులు కొట్టడం మొదలుపెడితే ఒకే దుకాణానికి రెండు చిట్టాలు తయారవుతాయి. ఇంకో మెలిక బ్యాకప్‌ది. లోపల ఎన్ని మార్పులు చేసినా ఆ పెద్ద ఫైలు సైజు మారదు; వెరాక్రిప్ట్ మామూలు సెట్టింగులో దాని తేదీ కూడా మారదు. తేదీ, సైజు చూసి కాపీ తీసే బ్యాకప్ ప్రోగ్రాములు ఏమీ మారలేదనుకుని దాన్ని దాటేస్తాయి. యజమాని మాత్రం రోజూ బ్యాకప్ అవుతోందన్న ధీమాతో నిద్రపోతాడు.

ఇవి సరిదిద్దుకోగల తప్పులే. అసలు పరీక్ష ఏళ్లు గడిచాక వస్తుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించిన 57వ నిబంధన ఇంకా సూటిగా ఉంది: అధికారి అడిగితే ఫైళ్ల వివరాలతో పాటు వాటి పాస్‌వర్డ్‌లూ ఇవ్వాలి. పాత అకౌంటెంట్ మానేశాడు, ఆయనకే తెలుసు అన్న జవాబుకు అక్కడ చోటు లేదు. ఆరేళ్లలో మనిషే కాదు, సాఫ్ట్‌వేరూ మారుతుంది. ఒకప్పుడు అందరూ నమ్మిన ట్రూక్రిప్ట్‌ను దాన్ని తయారుచేసినవాళ్లే 2014 మేలో ఉన్నట్టుండి ఆపేశారు. దాని వారసుడైన వెరాక్రిప్ట్ చాలాకాలం ఆ పాత ఫైళ్లను తెరిచింది. 2023లో వచ్చిన 1.26 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం తీసేసింది. పాస్‌వర్డ్ గుర్తున్నా పాత సాఫ్ట్‌వేర్ వెతుక్కుంటేగానీ పెట్టె తెరుచుకోదు.

పాస్‌వర్డ్ ఇంకొకరికి చెబితే రహస్యం ఎక్కడిదని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే చెప్పడం వేరు, దొరికేలా పెట్టడం వేరు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించి, బ్యాంకు లాకర్లో ఉంచితే గుమాస్తాకు తెలియదు, వారసులకు దొరుకుతుంది. కవరు చిరిగి ఉంటే ఎవరో చూశారని కూడా తెలిసిపోతుంది. దొంగ ల్యాప్‌టాప్ ఎత్తుకుపోవడం కన్నా యజమాని ఉన్నట్టుండి ఆసుపత్రి పాలవడం చిన్న వ్యాపారాల్లో ఎక్కువ జరిగే సంగతని నా అంచనా. ట్యాలీలోనే డేటాకు తాళం వేసే ట్యాలీవాల్ట్ ఉండగా ఇదంతా ఎందుకన్నది ఇంకో మాట. ఉంది, మంచిదే. కానీ అది కాపాడేది ట్యాలీ డేటానే; ఆధార్ నకళ్లు, కూలీల ఎక్సెల్ షీట్లు, డిజైన్ గ్రాఫులు బయటే ఉంటాయి. దాని పాస్‌వర్డ్ మరిచిపోతే గతి కూడా ఇదే. క్లౌడ్‌కు మారిపొమ్మనే సలహా ఈ ప్రశ్నను తప్పించదు: అక్కడా ఓటీపీ వెళ్లేది ఎవరి ఫోన్‌కో చూసుకోవాలి.

తాళం ఉంది కాబట్టి వైరస్ భయం లేదనుకునేవారితో మాత్రం నేను ఏకీభవించను. డ్రైవ్ తెరిచి పనిచేస్తున్నంతసేపూ, ఫైళ్లను బంధించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు అది మామూలు డ్రైవే. మూసి ఉన్నా ఆ పెద్ద ఫైలునే పాడుచేయగలదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనే వదల్లేదు. అందుకే కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టే ఇంకో కాపీ కావాలి. ఆ కాపీని తాళం వేసిన మనిషి కాకుండా ఇంట్లో మరొకరు, లాకర్ కవరు ఒక్కటే ఆధారంగా, వేరే కంప్యూటర్‌లో తెరిచి పోయిన ఏడాది నిల్వలు చూడగలగాలి. ఏటా ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేటప్పుడే ఆ పని పెట్టుకోవచ్చు. తెరుచుకోకపోతే సరిచేసుకోవడానికి తాళం వేసిన మనిషి అప్పటికింకా అందుబాటులోనే ఉంటాడు.